ఊరి విలేకరికి వరద, తుపాను పాఠాలు – 5: అడుగుల తికమక, రేవు నంబర్లు, ఉప్పు వార్త

ఈ భాగంలో ఉప్పునీటి వార్తలు మొదలుపెడదామనుకున్నాను. నాలుగో పాఠం అభ్యాసానికి మీరు రాసి పంపిన ఐటెంలు చదివాక దాన్ని కాస్త వెనక్కి జరపక తప్పలేదు. 2022 జులై గోదావరి వరదప్పటి బులెటిన్ ఇచ్చి, మీ మండలంలోని ఒక లంక (ఏటి నడుమ దీవి) ఊరికి పనికొచ్చే వార్తగా మార్చమన్నాను. భాష బాగుంది, హెడ్డింగులు బాగున్నాయి. అడుగుల దగ్గరికి వచ్చేసరికి చాలామంది జారారు. అక్కడ జారితే లంకలో ఉన్నవాళ్లు అక్కర్లేని వేళ భయపడతారు, లేదా కదలాల్సిన వేళ కదలరు. అందుకే ముందు దీన్ని సరిచేద్దాం.

ఆ అడుగులు మీ వీధివి కావు

ధవళేశ్వరంలో నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. ఇవి మీకు నోటికొచ్చినవే. ఇవి బ్యారేజీ దగ్గరున్న కొలబద్ద మీది అంకెలు. మీ ఊరి వీధిలో నిలిచే నీటి లోతుకూ వీటికీ నేరుగా సంబంధం లేదు. మూడో హెచ్చరిక రాగానే ‘లంకల్లో 17 అడుగుల నీరు’ అని రాసినవాళ్లు ఉన్నారు. 17 అడుగుల నీరంటే డాబా ఇంటి పైకప్పు కూడా మునగాలి. ఆ మాట నమ్మిన ముసలావిడ గుండె ఏమవుతుంది? ఒకసారి నమ్మి, అలా జరగకపోతే రెండోసారి మీరు రాసింది ఎవరు చదువుతారు?

ఇంకొందరు భద్రాచలం అడుగుల్ని ధవళేశ్వరం అడుగుల పక్కన పెట్టి ‘భద్రాచలంలో 53 ఉన్న వరద ఇక్కడికి వచ్చేసరికి 17కు తగ్గింది’ అని రాశారు. భద్రాచలం హెచ్చరికలు 43, 48, 53 అడుగులకు. ధవళేశ్వరానివి వేరు. రెండు కొలబద్దలకూ సున్నా ఒకచోట లేదు. ఒకదాన్నుంచి ఇంకోదాన్ని తీసేయకూడదు, రెంటినీ పోల్చకూడదు. ఏ కొలబద్దనైనా దాని పాత అంకెలతోనే పోల్చాలి.

అలా పోలిస్తే ఏం తెలుస్తుందో చూడండి. 1986 ఆగస్టులో భద్రాచలంలో 75.6 అడుగులు వచ్చింది. 2022 జులైలో 71.3. తేడా నాలుగు అడుగుల పైచిలుకు. అదే ధవళేశ్వరంలో 1986లో 35 లక్షల క్యూసెక్కులు (సెకనుకు అన్ని ఘనపుటడుగుల నీరు) దిగువకు పోతే, 2022లో పోయింది 26 లక్షల లోపే. మధ్యలో 2006 ఆగస్టును చూడండి. భద్రాచలంలో 67 అడుగుల దగ్గర ఆగింది, అంటే 2022 కంటే తక్కువే. ధవళేశ్వరంలో మాత్రం 28 లక్షలు దాటింది, 2022 కంటే ఎక్కువ. పైన తక్కువ, కింద ఎక్కువ ఎలా అయింది? భద్రాచలం దాటాక కూనవరం దగ్గర శబరి వచ్చి గోదావరిలో కలుస్తుంది. ఆ నీరు భద్రాచలం కొలబద్దకు కనిపించదు. అందుకే భద్రాచలం బులెటిన్ ఒక్కటే చూసి ‘ఈసారి 2022 అంత రాదు’ అని రాయకండి. చింతూరు, కూనవరం వైపు ఒక ఫోన్ నంబరు మీ దగ్గర ఉండాలి. అక్కడి విలేకరితో స్నేహం చేసుకోండి. వరద రాకముందే చేసుకోండి.

భద్రాచలం నీరు ధవళేశ్వరం చేరడానికి దాదాపు ఒక రోజు పడుతుంది. అక్కడి నుంచి గోదావరి పాయలైన గౌతమిలో, వశిష్ఠలో, వైనతేయలో మీ ఊరికి రావడానికి ఇంకొన్ని గంటలు. ఎన్ని గంటలో నేను చెప్పను. పి.గన్నవరం మండలానికి ఒక లెక్క, ఐ.పోలవరానికి ఇంకో లెక్క. అది మీ నోటుబుక్కులో ఉండాల్సిన అంకె. మీ మండలం వార్తకు అసలు విలువ ఆ అంకెలోనే ఉంది. క్యూసెక్కులు టీవీలో స్క్రోలింగు చూసినా తెలుస్తాయి. చాకలిపాలెం దగ్గరి కాజ్‌వే (ఏటిపాయకు అడ్డంగా వేసిన, వరదకు మునిగే దారి) మీదికి ఎప్పుడు నీళ్లొస్తాయో టీవీ చెప్పదు.

ఆ కాజ్‌వే ఊసు ఎందుకెత్తానో కూడా చెప్తాను. దాని అవతలున్న కనకాయలంక పశ్చిమగోదావరి జిల్లా యలమంచిలి మండలంలోది. ఊళ్లోకి దారి మాత్రం కోనసీమ వైపు నుంచి. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడిపోయాక డెల్టా వార్త ముక్కలు ముక్కలైంది. కోనసీమ ఎడిషన్ వాళ్లు ‘అది మన జిల్లా కాదు’ అంటారు, భీమవరం వైపు వాళ్లకు ఆ ఊరు ఏటికి అవతల. రెండు ఎడిషన్ల నడుమ ఊరే జారిపోతుంది. మీ మండలం సరిహద్దులో ఇలాంటి ఊరు ఏదుందో కనిపెట్టి, అది ఎవరి జిల్లాదైనా మీరే రాయండి. డెస్కు వాళ్లు కాదంటే పక్క జిల్లా విలేకరికి ఐటెం అందించండి. పేరు ఎవరిదైతేనేం.

ఇప్పుడు అభ్యాసానికి వచ్చిన ఐటెంలలో సగటుగా కనిపించిన పద్ధతి ఇది:

‘ఎగువ నుంచి భారీగా వస్తున్న వరదతో గోదావరి మహోగ్రరూపం దాల్చింది. ధవళేశ్వరం వద్ద రెండో ప్రమాద హెచ్చరిక జారీ చేశారు. లోతట్టు ప్రాంతాల ప్రజలు అప్రమత్తంగా ఉండాలని అధికారులు సూచించారు.’

ఇందులో ఊరి పేరు లేదు. గంట లేదు. ‘అప్రమత్తంగా’ అంటే ఏం చేయాలో లేదు. గేదెను విప్పాలా? గర్భిణిని అమలాపురం పంపాలా? మోటారు పైకెత్తాలా? చదివినవాడికి ఏమీ తెలియదు. నేనైతే ఇలా రాస్తాను:

‘ఈ రాత్రే కాజ్‌వే మునుగుతుంది. ధవళేశ్వరంలో సాయంత్రం 4 గంటలకు నీటిమట్టం 13.75 అడుగులు దాటింది, ఇంకా పెరుగుతోంది. 2022లో ఈ మట్టం దాటిన (మీ నోటుబుక్కులో అంకె) గంటలకు మన కాజ్‌వే మీదికి నీరొచ్చింది. నెలలు నిండిన గర్భిణులు, డయాలసిస్‌కు వెళ్లాల్సినవాళ్లు చీకటి పడకముందే ఇవతలికి రావాలి. పశువుల్ని ఏటిగట్టు మీదికి తోలండి. పడవ ఫలానా రేవులో ఉంది. నడిపేవారికి లైఫ్ జాకెట్లు అందాయి / అందలేదు. తహసీల్దారు కార్యాలయంలో కంట్రోల్ రూమ్ నంబరు ఇది.’

హెడ్డింగుతో సహా ఇంతే. అధికారి పేరు నేను చివరి వాక్యంలోనే పెడతాను, లేదా అసలు పెట్టను. గంట మాత్రం రెండో వాక్యం దాటనివ్వను. డెస్కులో చోటు చాలకపోతే కింది నుంచి కోస్తారు కాబట్టి బతికుండాల్సింది పైనే ఉండాలి. పొద్దున పేపరు చేతికొచ్చేసరికి మీరు రాసిన అంకె పాతబడి ఉంటుంది. ‘సాయంత్రం 4 గంటలకు’ అని ఉంటే చదివేవాడు తనే లెక్కేసుకుంటాడు. వాట్సాప్ గ్రూపు నడిపేవాళ్లకు ఇది మరీ ముఖ్యం. తేదీ, గంట లేని మెసేజ్ మూడు రోజుల తర్వాత కూడా తిరుగుతూనే ఉంటుంది. యూట్యూబ్ ఛానల్ వాళ్లు వీడియోలోనే నోటితో తేదీ చెప్పండి, కింద రాస్తే సరిపోదు.

వరద తగ్గుముఖం గురించి ఒక్క మాట. ధవళేశ్వరంలో హెచ్చరిక ఉపసంహరించారని తెలియగానే ‘ముప్పు తప్పింది’ అని రాశారు కొందరు. లంకలో నీరు అప్పటికి దిగడమే మొదలుపెట్టి ఉండదు. పైగా ఆ రోజుల్లో అమావాస్యో పౌర్ణమో తగిలితే సముద్రం పోటు మీదుంటుంది, మురుగు కాలువలు దింపుకోవు. నేను పంచాంగంలో తిథి చూసుకునే తగ్గుముఖం వార్త రాస్తాను. మీరూ క్యాలెండరు దగ్గర పెట్టుకోండి.

రేవు నంబరు ఊరి ముప్పు కాదు

ఇక్కడ కాస్త ఎక్కువ చెప్తాను, ఓపిక పట్టండి. తుపాను వార్తల్లో నన్ను అన్నిటికంటే బాధపెట్టేది ఈ నంబర్ల వ్యవహారం. ప్రతి తుపానుకూ ‘కాకినాడ పోర్టులో ఏడో నంబరు’, ‘పదో నంబరు ఎగరేశారు, డేంజర్’ అని హెడ్డింగులు వస్తాయి. నంబరు పెరిగితే ముప్పు అంతంతగా పెరిగినట్టు, తగ్గితే తగ్గినట్టు జనం నమ్ముతున్నారు. అలా నమ్మించింది మన వార్తలే.

ఆ నంబర్లు ఓడల కెప్టెన్లకు, రేవులో ఉన్నవాళ్లకు చెప్పే సంకేతాలు. 1 నుంచి 11 వరకు ఉంటాయి. ఒకటి, రెండు దూరాన సముద్రంలో ఉన్న గాలివానకు. ఒకటంటే అక్కడెక్కడో అల్పపీడనం బలపడి వాయుగుండమైంది, రెండంటే తుపానైంది. రేవుకు ఇంకా ఏమీ కాలేదు. మూడు, నాలుగు ఆ రేవుకే గాలుల ముప్పు ఉందని చెప్పడానికి. ఇంతవరకు మెట్లెక్కినట్టే ఉంది. ఐదు దగ్గర ఆ మెట్ల లెక్క ఆగిపోతుంది.

ఐదు, ఆరు, ఏడు మూడింటికీ తుపాను బలం ఒక్కటే. మారేది అది రేవుకు ఏ పక్కగా పోతుందన్నదే. తుపాను పోయే దారికి ఎడమ వైపున రేవు ఉంటే ఐదు. కుడి వైపున ఉంటే ఆరు. రేవు మీదుగా గానీ, బాగా దగ్గరగా గానీ దాటేలా ఉంటే ఏడు. ఎనిమిది, తొమ్మిది, పది కూడా అచ్చం ఇంతే: ఎడమ, కుడి, నెత్తిమీద. కాకపోతే ఈ మూడూ తీవ్ర తుపానుకు. పదకొండు అంటే తుపాను హెచ్చరిక కేంద్రంతో సంబంధాలు తెగిపోయాయని.

కాబట్టి మచిలీపట్నంలో ఎనిమిది, కాకినాడలో తొమ్మిది అని బులెటిన్ వస్తే, ‘కాకినాడకు తుపాను ఇంకాస్త బలంగా ఉంది’ అని దానర్థం కాదు. తుపాను ఒక్కటే, బలమూ ఒక్కటే. మచిలీపట్నం దాని ఎడమన ఉంది, కాకినాడ కుడిన ఉంది. అంటే ఆ రెంటి మధ్య ఎక్కడో తీరం దాటబోతోంది. ఆ రెంటి మధ్య ఏముంది? నరసాపురం, అంతర్వేది, ఓడలరేవు, కాట్రేనికోన. మనమే ఉన్నాం! బులెటిన్ ‘మీ మీదికే వస్తోంది’ అని చెబుతుంటే మన వార్త ‘కాకినాడలో తొమ్మిదో నంబరు’ అని రాసి ఊరుకుంటోంది. మోంథా తుపాను 2025 అక్టోబరు 28 రాత్రి నరసాపురం దగ్గర తీరం దాటింది. అక్కడ కాకినాడలాంటి పెద్ద రేవు లేదు, ఎగరేసే నంబరూ లేదు. నంబరు లేని చోట ముప్పు లేదనుకుంటే ఏమవుతుందో మీరే ఆలోచించండి.

కుడి ఎడమలకు ఇంకో అర్థం కూడా ఉంది, అది మీ జనానికి పనికొచ్చేది. మన సముద్రంలో తుపాను గడియారం ముల్లుకు ఎదురు దిశలో తిరుగుతుంది. తూర్పు నుంచి వచ్చి మన తీరం దాటేటప్పుడు కుడి వైపు, అంటే ఉత్తరాన ఉన్న ఊళ్ల మీదికి గాలి సముద్రం నుంచి వీస్తుంది, నీటిని లోపలికి తోస్తుంది. ఎడమ వైపు, దక్షిణాన, గాలి భూమి మీద నుంచి సముద్రం వైపు వీస్తుంది. ఉప్పెన ఎక్కువగా కుడి పక్కనే. అందువల్ల ‘అంతర్వేది దగ్గర దాటుతుంది’ అనగానే అంతర్వేది గురించే రాసి ఆగకూడదు. దానికి ఉత్తరాన ఓడలరేవు, కొమరగిరిపట్నం, బలుసుతిప్ప, భైరవపాలెం వరకు చూడాలి. తీరం దాటే చోటు మ్యాపులో చుక్కలా కనిపిస్తుంది, నీరు వచ్చే చోటు మాత్రం పొడవైన గీత.

1996 నవంబరు 6 రాత్రి తుపాను సంగతి మీ ఇళ్లలో పెద్దవాళ్లను అడగండి. వెయ్యిమందికి పైగా పోయారు. బలుసుతిప్ప పేరు అప్పుడే రాష్ట్రమంతా తెలిసింది. కొబ్బరి తోటలు వేళ్లతో సహా పడిపోయాయి. ఆ రాత్రి సముద్రం మీదున్నవాళ్లకూ, తీరాన నిద్రపోయినవాళ్లకూ కావలసింది రేవు నంబరు కాదు. ఏ ఊరి మీదికి ఎంత నీరు, ఎన్ని గంటలకు అన్నది.

మరి నంబరు బదులు ఏం రాయాలి? గాలి వేగం రాయండి. గంటకు 62 కిలోమీటర్ల నుంచి తుపాను, 89 నుంచి తీవ్ర తుపాను, 118 నుంచి అతి తీవ్ర తుపాను. ఆ గాలికి మన దగ్గర ఏం పడుతుందో దాని పక్కనే రాయండి: తాటాకు ఇల్లా, రేకుల షెడ్డా, కరెంటు స్తంభమా, కొబ్బరి చెట్టా. తర్వాత ఉప్పెన. బులెటిన్‌లో ‘సాధారణ పోటు కంటే ఒక మీటరు ఎత్తున’ అని ఉంటే అది అల ఎత్తు కాదు. సముద్రమే మీటరు లేచి లోపలికి వస్తుంది, అలలు దాని మీద వేరుగా ఉంటాయి. తీరం దాటే వేళ పోటు సమయమైతే నీరు ఇంకా పైకి వస్తుంది. కాబట్టి ఆ రాత్రి పోటు ఎన్నింటికో కనుక్కోండి. దానికి వేటకు వెళ్లేవాళ్లను మించిన నిపుణుడు లేడు.

రంగుల సంగతి చిన్నది. వాతావరణ శాఖ జిల్లాకు ఇచ్చే పసుపు, నారింజ, ఎరుపు వానను కొలిచే గీతలు కావు. గమనిస్తూ ఉండండి, సిద్ధంగా ఉండండి, కదలండి అని చెప్పేవి. ‘రాష్ట్రానికి రెడ్ అలర్ట్’ అని రాసేముందు అందులో మీ జిల్లా పేరుందో లేదో చూడండి.

తీరం దాటింది కాబట్టి అయిపోయిందనడం వరద తగ్గుముఖంలో చేసిన తప్పు లాంటిదే. మోంథా నరసాపురం దగ్గర దాటాక మర్నాడు వరంగల్, హనుమకొండల్లో ఇళ్లు మునిగాయి. మనకు కూడా దాటిన తర్వాత కురిసే వాన, దిగని మురుగు, తెగిన కరెంటు ఉంటాయి. దాటిన తర్వాతి మూడు రోజుల వార్తలే ఎక్కువమందికి అవసరం. అప్పటికి బయటి నుంచి వచ్చిన కెమెరాలు వెళ్లిపోతాయి. ఉండేది మీరే.

వాతావరణ మార్పు అన్న మాట ఎక్కడ పెట్టాలి

ఇద్దరు ముగ్గురు అభ్యాసంలో ‘వాతావరణ మార్పుల వల్లే ఈ వరద’ అని రాశారు. ఇంకొందరు ‘ప్రకృతి ప్రకోపం’ అన్నారు. రెండూ ఒక్క వాక్యంలో విషయం తేల్చేస్తున్నాయి, అందుకే రెండూ వద్దు. 1839 నవంబరులోనే కోరంగిని ఉప్పెన ముంచేసింది. 1977లో దివిసీమ పోయింది. తుపాను మనకు కొత్త కాదు. మారుతున్నది తుపాను ఏ మట్టం మీద నుంచి వస్తుందన్నది, ఎంత వేగంగా బలపడుతుందన్నది, ఎంత నీటిని మోసుకొస్తుందన్నది.

ఖాయంగా రాయదగినవి ఇవి. గాలి ఒక డిగ్రీ వేడెక్కితే సుమారు 7 శాతం ఎక్కువ తేమను పట్టగలదు. అందుకే కురిస్తే ఒక్కసారిగా కురుస్తోంది. ప్రపంచ సగటున సముద్రమట్టం 1901 నుంచి 2018 లోపు 20 సెంటీమీటర్లు పెరిగింది. 2006 నుంచి 2018 మధ్య ఏటా 3.7 మిల్లీమీటర్ల చొప్పున పెరిగింది, అది ముందటి దశాబ్దాల కంటే వేగం. అంటే ఉప్పెన ఇప్పుడు పాత మట్టం మీద లేవడం లేదు. వేడెక్కిన బంగాళాఖాతం మీద తుపాను తక్కువ సమయంలో ఎక్కువ బలం పుంజుకోగలదు. అలర్ట్ 48 గంటల ముందు, హెచ్చరిక 24 గంటల ముందు ఇస్తారని మన లెక్క. పొద్దున తుపానుగా ఉన్నది రాత్రికి తీవ్ర తుపాను అయితే ఆ గంటలు ఉన్నా లేనట్టే. పాఠకుడికి అర్థమయ్యేలా చెప్పాలంటే ‘నిన్నటి బులెటిన్ నమ్ముకుని పడవ తీయకండి’ అని రాయాలి.

డెల్టాకు ఇంకో బాధ ఉంది. డెల్టా అంటే ఏరు తెచ్చిపోసిన మట్టి. ఆ మట్టి ఎగువ ఆనకట్టల వెనక ఆగిపోతోంది. కొత్త మట్టి రాని నేల దిగుతుంది, తీరం కోసుకుపోతుంది. సముద్రం పెరగడం, నేల దిగడం రెండూ కలిసి వచ్చే చోట మనం ఉన్నాం. ఇందులో సముద్రం పెరగడానికి ప్రపంచం బాధ్యత వహించాలి. మట్టి ఆగిపోవడానికి కారణం మనుషులు కట్టిన ఆనకట్టలు. మురుగు కాలువలో గుర్రపుడెక్క పేరుకుపోతే దానికి బాధ్యులు ఇక్కడే, మండలంలోనే ఉన్నారు. మడ అడవి కొట్టి చెరువు తవ్వితే ఆ చెరువుకు ఒక సర్వే నంబరు ఉంది. వార్తలో ఇవన్నీ విడివిడిగా కనిపించాలి. కలిపేస్తే, తీయని పూడికకు కూడా ‘అంతా వాతావరణ మార్పే’ అని జవాబు వస్తుంది. ఆ జవాబును వ్యాఖ్య లేకుండా అచ్చేసిన రోజు మనం ఊరికి అన్యాయం చేసినట్టే. నా పద్ధతి ఏమిటంటే, అలాంటి మాట వినగానే ‘ఈ డ్రెయిన్‌లో చివరిసారి పూడిక ఎప్పుడు తీశారు?’ అని అడుగుతాను. ఆ తేదీని ఆయన మాట పక్కనే రాస్తాను.

ఉప్పు వార్త: మొదలుపెట్టే చోటు

ఈ వారం పాఠం అసలు ఇదే, చోటు మిగిలినంత చెప్తాను. తీరం కోత గురించి రాయమంటే అందరూ ఉప్పాడ రాస్తారు. రోడ్డు మీదికి అల కొట్టే ఫొటో దొరుకుతుంది కాబట్టి. ఉప్పు ఫొటోకు దొరకదు. బోరు నీళ్లు రుచి మారి, తర్వాత ఉప్పగా మారడానికి ఏళ్లు పడుతుంది. దాళ్వా (రెండో పంట) వరి కొనలు ఎండుతాయి, రైతు తెగులనుకుంటాడు. రాజోలు వైపు శంకరగుప్తం డ్రెయిన్ వెంట పోటు నీరు ఎదురెక్కి కొబ్బరి తలలు వాలిపోయాక గానీ పెద్ద నాయకులు చూడ్డానికి రాలేదు. అక్కడి రైతులు ఆ మాట అంతకు ముందు నుంచే చెబుతున్నారు. వాళ్లు చెప్పింది సింగిల్ కాలమ్ దాటలేదు.

ఉప్పు వార్తకు ఆధారం మీరే తయారుచేసుకోవాలి. నీటిలో కరిగిన లవణాలను కొలిచే టీడీఎస్ మీటరు చిన్నది, పెన్నులా ఉంటుంది, కొన్ని వందల రూపాయలకు దొరుకుతుంది. తీరం నుంచి లోపలికి ఒక వరసలో కొన్ని బోర్లు ఎంచుకోండి. నెలనెలా ఒకే తిథికి, ఒకే వేళకు, కాసేపు నీళ్లు పోయనిచ్చి కొలవండి. లోతు ఎంతో రాసుకోండి, పక్కన చెరువులున్నాయో లేదో రాసుకోండి. ఆక్వా చెరువు పక్కనున్న బోరులో ఉప్పు పెరిగితే దాన్ని సముద్రం ఖాతాలో వేయకండి, సముద్రం పక్కనున్న బోరును చెరువు ఖాతాలో వేయకండి. ఒక్కసారి కొలిచిన అంకెతో హెడ్డింగు పెట్టొద్దు. సార్వా (మొదటి పంట), దాళ్వా రెండూ గడవనివ్వండి. మీటరు అంకె కంటే ముందే ఆడవాళ్లకు తెలుస్తుంది: పప్పు ఉడకడం మానేసిందెప్పుడు, తాగునీటి డబ్బా కొనడం మొదలైందెప్పుడు. ఆ రెండు ప్రశ్నలూ ప్రతి ఇంటా అడగండి.

అభ్యాసం

ఈసారి పెద్దదే ఇస్తున్నాను. వరదలు రావడానికి ముందే పూర్తి చేయాలి.

మీ మండలంలోని ప్రతి కాజ్‌వే, రేవు, గట్టు బలహీనంగా ఉన్న చోటు తిరిగి రండి. ఫోన్లో అడిగి రాసుకుంటే లెక్కలోకి రాదు. పి.గన్నవరం వాళ్లయితే బూరుగులంక, ఊడిమూడిలంక, అరిగెలవారిపేట, జి.పెదపూడిలంక నాలుగూ చూడండి. ప్రతి చోట 1986, 2006, 2022 నీరు ఎక్కడిదాకా వచ్చిందో ఇద్దరు వేర్వేరు మనుషుల చేత గోడ మీదో చెట్టు మీదో చూపించుకోండి. ఇద్దరూ ఒకటే చెబితే ఆ గుర్తు తీసుకోండి. వేర్వేరుగా చెబితే మూడో మనిషిని వెతకండి. ఆ గుర్తు ఎదురుగా ఆ రోజు ధవళేశ్వరం క్యూసెక్కులు రాయండి. కాజ్‌వే మునిగిన గంట తెలిస్తే అదీ రాయండి. లస్కర్లు (కాలువలు, గట్లు కాసేవాళ్లు), పంటు (ఏరు దాటించే పెద్ద పడవ) నడిపేవాళ్లు, పాలు పోసేవాళ్లు ఈ గంటలు బాగా గుర్తుంచుకుంటారు. వాళ్ల దగ్గరికి ముందు వెళ్లండి, ఆఫీసుకు తర్వాత.

అదే నోటుబుక్కులో ఇంకో పేజీకి ప్రతి ఊళ్లో ఎవరెవరు ముందు కదలాలో రాసుకోండి: నెలలు నిండినవాళ్లు ఎందరు, మంచం పట్టినవాళ్లు ఎందరు, పాడి పశువులు ఎన్ని, పడవలు ఎన్ని, నడిపే మనుషులు ఎందరు. పేర్లు మీ దగ్గరే ఉంచుకోండి, నాకు సంఖ్యలు చాలు. తుపాను షెల్టరు ఉన్న ఊరైతే తలుపు తాళం ఎవరి దగ్గరుందో, మరుగుదొడ్డిలో నీళ్లు వస్తున్నాయో స్వయంగా చూసి రాయండి.

తీర మండలాల వాళ్లు దీనితోపాటు మొదటి నెల టీడీఎస్ కొలతలు కూడా పంపాలి. లోపలి మండలాల వాళ్లు దాని బదులు ఒక మురుగు కాలువను మొదలు నుంచి సముద్రంలో కలిసే దాకా నడిచి, ఎక్కడెక్కడ అడ్డం పడిందో రాసి పంపండి. ఒక్కరే వెళ్లకండి.

వాటి ఆధారంగా ఒక్కో ఊరికి పన్నెండు వాక్యాలు దాటని ఐటెం రాయండి. ‘అప్రమత్తం’ అన్న మాట, రేవు నంబరు ఉన్న ఐటెంలు చదవకుండా తిప్పి పంపుతాను. ఫొటోలు వద్దు, నోటుబుక్కు పేజీలు ఫోన్లో తీసి పంపండి, రాత ఎలా ఉన్నా సరే. వచ్చే పాఠంలో ఈ పట్టికలను ఊరి గ్రామసభ ముందు పెట్టి, జనం చేత సరిదిద్దించుకోవడం ఎలాగో చూద్దాం.